మంచం మీద నుంచే మంచు దీవుల అడవిని చూశారు.. ఒక్కసారి కూడా ఆర్కిటిక్ వెళ్లని ఓస్వాల్డ్ హేర్ కథ

ఆ దీవి పేరు బేర్ ఐలాండ్. నార్వే ఉత్తర తీరానికి, స్పిట్స్‌బర్గెన్‌కు మధ్య సముద్రంలో ఒంటరిగా ఉంటుంది. విస్తీర్ణం 178 చదరపు కిలోమీటర్లు. 1596లో డచ్ నావికుడు విలెం బారెంట్స్ బృందానికి అక్కడ ధ్రువపు ఎలుగుబంటి ఎదురైంది. అందుకే ఆ పేరు. వేసవి వచ్చినా పొగమంచు వదలదు. కొండ అంచుల్లో లక్షల సముద్ర పక్షులు తప్ప పెద్దగా అలికిడి ఉండదు. దీవి మొత్తం వెతికినా నీడ కోసం నిలబడటానికి ఒక్క చెట్టు కూడా కనిపించదు.

కానీ అదే దీవి రాళ్లను పగలగొడితే లోపల చెట్ల బెరడు అచ్చులు బయటపడతాయి. ఫెర్న్ లాంటి ఆకులు కనిపిస్తాయి. రాతి పొరల మధ్య బొగ్గు కూడా ఉంది. అంటే ఒకప్పుడు అక్కడ అడవి ఉండేది!

ఆ అడవిలో ఏ మొక్కలు పెరిగాయో, ఆ రాతి పొరలు ప్రపంచంలో ఇంకెక్కడి పొరలతో కలుస్తాయో 1871లో లెక్క కట్టి చెప్పిన శాస్త్రవేత్త ఓస్వాల్డ్ హేర్. ఇందులో ట్విస్ట్ ఏంటంటే.. ఆయన ఆ దీవిలో అడుగు పెట్టలేదు. అసలు జీవితంలో ఒక్కసారి కూడా ఆర్కిటిక్ వెళ్లలేదు. ఊపిరితిత్తుల జబ్బుతో స్విట్జర్లాండ్‌లోనే ఉండి, ఓడల్లో వచ్చిన రాళ్ల పెట్టెలు విప్పి ఆ పని చేశారు.

పాస్టర్ గారి అబ్బాయి

ఓస్వాల్డ్ హేర్ 1809 ఆగస్టు 31న స్విట్జర్లాండ్‌లోని నీడర్‌ఉజ్‌విల్‌లో పుట్టారు. తండ్రి చర్చి పాస్టర్. ఆ తర్వాత కుటుంబం గ్లారస్ ప్రాంతంలోని మాట్ అనే కొండ ఊరికి మారింది. చదువు ఇంట్లోనే, తండ్రి దగ్గరే. మిగతా సమయమంతా కొండల్లో మొక్కలు ఏరడం, పురుగులు పట్టడం.

ఆ లోయకు ఒక ప్రత్యేకత ఉంది. దగ్గర్లోని ఎంగి గనుల్లో పలకరాయి తవ్వేవాళ్లు. ఆ పలకల మధ్య అప్పుడప్పుడూ చేపల శిలాజాలు దొరికేవి. సముద్రమే లేని దేశంలో, కొండ మీద, రాతిలో చేప! అలాంటి చోట పెరిగిన పిల్లాడికి రాయి అంటే రాయి మాత్రమే కాదన్న సంగతి ఎవరూ ప్రత్యేకంగా చెప్పాల్సిన అవసరం లేదు.

అయినా ఇంట్లో దారి ముందే ఖరారైంది. తండ్రిలాగే పాస్టర్ కావాలి. జర్మనీలోని హాలె యూనివర్సిటీలో మతశాస్త్రం చదివి 1831లో పాస్టర్‌గా దీక్ష కూడా తీసుకున్నారు. కానీ మరుసటి ఏడాదే కథ మలుపు తిరిగింది. జ్యూరిచ్‌లో ఎషర్ త్సోలికోఫర్ అనే సంపన్న వ్యాపారి దగ్గర పురుగుల కలెక్షన్ ఉంది. దాన్ని ఒక క్రమంలో సర్దిపెట్టే పనికి హేర్ వెళ్లారు. మళ్లీ చర్చి ఉద్యోగం వైపు రాలేదు.

1834లో జ్యూరిచ్ యూనివర్సిటీలో పాఠాలు మొదలుపెట్టారు. అక్కడి బొటానికల్ గార్డెన్ బాధ్యతలు కూడా చూశారు. 1852లో ప్రొఫెసర్ అయ్యారు. పాస్టర్ ఉద్యోగం వదిలేశారు కానీ నమ్మకాన్ని మాత్రం వదల్లేదు. ప్రకృతిలో కనిపించే క్రమం వెనుక దేవుడి ప్రణాళిక ఉందని చివరిదాకా నమ్మారు. ఆ నమ్మకమే తర్వాత ఆయన్ను డార్విన్‌కు ఎదురుగా నిలబెట్టింది.

ఆకు చూసి కాలం చెప్పడం ఎలా?

స్విట్జర్లాండ్ సరిహద్దు దగ్గర, కాన్‌స్టన్స్ సరస్సు పక్కన ఓనింగెన్ అనే ఊరుంది. అక్కడి సున్నపురాయి పొరల్లో ఆకులు, పురుగులు ఎంత బాగా నిలిచాయంటే ఆకు ఈనెలు, పురుగు రెక్కల గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. హేర్‌కు మొక్కలూ తెలుసు, పురుగులూ తెలుసు. అందుకే ఆ రాళ్లు ఆయనకు తెరిచిన పుస్తకంలా కనిపించాయి.

పద్ధతి సింపుల్‌గా చెప్పాలంటే ఇది. శిలాజంలోని ఆకు అంచు నునుపుగా ఉందా, రంపంలా ఉందా? ఈనెలు ఎలా చీలాయి? కాయ గానీ గింజ గానీ పక్కనే దొరికిందా? వీటిని ఇప్పుడు బతికున్న మొక్కలతో పోల్చాలి. ఆ మొక్క ఇప్పుడు ఏ వాతావరణంలో పెరుగుతోందో చూడాలి. అప్పుడు ఆ రాయి ఏర్పడిన కాలంలో అక్కడ వేడి ఎంత, వాన ఎంత అన్నది అంచనాకు వస్తుంది. అంటే ఒక రకంగా ఆకునే థర్మామీటర్‌గా వాడటం అన్నమాట.

ఈ పనిలో ఉండగానే ఆరోగ్యం దెబ్బతింది. ఊపిరితిత్తుల జబ్బు. చల్లటి జ్యూరిచ్ పనికిరాదని 1850-51 చలికాలం అట్లాంటిక్‌లోని మదీరా దీవిలో గడపాల్సి వచ్చింది. విశ్రాంతి కోసం వెళ్లిన మనిషి అక్కడ కూడా మొక్కలు, పురుగులు, శిలాజాల మీదే పడ్డారు. తిరిగొచ్చాక 1855 నుంచి 1859 మధ్య స్విట్జర్లాండ్ శిలాజ మొక్కల మీద మూడు భాగాల గ్రంథం తెచ్చారు. దాంతో యూరప్‌లో ఎక్కడ శిలాజ ఆకు దొరికినా.. హేర్‌కు పంపండి అనే స్థాయి వచ్చేసింది.

ఓడల్లో వచ్చిన పెట్టెలు

ఇంతకీ ఆర్కిటిక్ రాళ్లు జ్యూరిచ్‌కు ఎందుకొచ్చాయి? దీని వెనుక ఒక విషాదం ఉంది. 1845లో బ్రిటిష్ నావికుడు జాన్ ఫ్రాంక్లిన్ రెండు ఓడలతో ఆర్కిటిక్ దారి వెతుకుతూ వెళ్లి తిరిగి రాలేదు. ఆయన కోసం ఏళ్ల తరబడి ఓడలు తిరిగాయి. ఆ గాలింపులో నావికులు గ్రీన్‌లాండ్, కెనడా ఉత్తర దీవుల్లో వింత రాళ్లు చూశారు. లోపల ఆకుల అచ్చులు, చెట్ల దుంగలు! వాటిని వెంట తెచ్చి మ్యూజియంలకు ఇచ్చారు. అవి చేతులు మారుతూ చివరికి హేర్ బల్ల మీదకు చేరాయి.

1867లో మరో బృందం ప్రత్యేకంగా ఈ శిలాజాల కోసమే పశ్చిమ గ్రీన్‌లాండ్ వెళ్లింది. అందులో ఉన్నది ఎవరో కాదు, ఎడ్వర్డ్ వింపర్. రెండేళ్ల ముందు స్విట్జర్లాండ్‌లోని మాటర్‌హార్న్ శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన బృందానికి నాయకుడు. దిగేటప్పుడు నలుగురు చనిపోయిన ఆ ప్రమాదం అప్పట్లో యూరప్‌ను కుదిపేసింది. ఆ వింపర్, ఆయన సహచరుడు రాబర్ట్ బ్రౌన్ తెచ్చిన గ్రీన్‌లాండ్ రాళ్లను కూడా హేరే పరిశీలించారు.

1868లో హేర్ జీవితంలోనే పెద్ద పని బయటికొచ్చింది. ఆర్కిటిక్ శిలాజ మొక్కల మీద గ్రంథం, మొదటి భాగం. లాటిన్‌లో పేరు ఫ్లోరా ఫాసిలిస్ ఆర్కిటికా. 1883 నాటికి మొత్తం ఏడు భాగాలయ్యాయి.

అప్పట్లో చాలామందికి వచ్చిన డౌట్ ఒక్కటే. సైబీరియా నదుల్లో కొట్టుకొచ్చిన దుంగలు ఇప్పటికీ ఆర్కిటిక్ తీరాల్లో తేలుతుంటాయి. ఈ శిలాజాలు కూడా అలా వేరే చోటు నుంచి కొట్టుకొచ్చినవి కావని గ్యారంటీ ఏంటి? హేర్ దగ్గర దీనికి గట్టి జవాబే ఉంది. వేల కిలోమీటర్లు సముద్రంలో నానిన ఆకు ముక్కలు చెక్కలైపోతుంది. ఇక్కడేమో ఆకులు చెక్కు చెదరలేదు. చిన్న కొమ్మలు, పూత, గింజలు ఒకే చోట ఉన్నాయి. వాటితో పాటు పురుగుల ఆనవాళ్లు కూడా దొరికాయి. కాబట్టి ఆ చెట్లు అక్కడే పెరిగాయి, అక్కడే రాలాయి అని తేల్చారు.

బేర్ ఐలాండ్ రాళ్లు ఏం చెప్పాయి?

1868లోనే స్వీడన్ నుంచి సోఫియా అనే ఓడ ఉత్తరానికి బయల్దేరింది. శాస్త్ర బృందానికి నాయకుడు అడోల్ఫ్ ఎరిక్ నార్డెన్‌షోల్డ్. పదేళ్ల తర్వాత వేగా ఓడలో యూరప్ నుంచి ఆసియా ఉత్తర తీరం మీదుగా పసిఫిక్ దాకా మొదటిసారి వెళ్లి ప్రపంచ ప్రసిద్ధి పొందిన వ్యక్తి ఈయనే. సోఫియా బృందం దారిలో బేర్ ఐలాండ్‌లో ఆగి శిలాజ మొక్కలు సేకరించింది. అవి హేర్‌కు వెళ్లాయి.

హేర్ ముందు రెండు రకాల సమాచారం ఉంది. ఒకటి, రాళ్లలోని మొక్కలు. రెండు, ఆ రాళ్లు ఏ పొర మీద, ఏ పొర కింద ఉన్నాయన్న నోట్స్. రాతి పొరల లెక్క మనింట్లో పాత పేపర్ల కట్ట లాంటిది. అడుగున ఉన్నది పాతది, పైన ఉన్నది కొత్తది. బేర్ ఐలాండ్‌లో మొక్కలున్న పొరల మీద సముద్ర జీవుల శిలాజాలున్న సున్నపురాయి ఉంది. ఆ సున్నపురాయి కార్బోనిఫెరస్ కాలానిదని తెలుసు. అంటే కిందున్న మొక్కలు దానికంటే ముందువి.

మొత్తం 18 రకాల మొక్కలను హేర్ గుర్తించారు. బెరడు మీద పాము పొలుసుల్లాంటి గుర్తులున్న లెపిడోడెండ్రాన్ వాటిలో ఒకటి. వెదురులా గణుపులు గణుపులుగా ఉండే కాలమైట్స్ మరొకటి. పువ్వు పూసే మొక్క ఒక్కటి కూడా లేదు, ఎందుకంటే భూమి మీద పువ్వు అనేదే ఇంకా పుట్టలేదు.

అసలు విషయం ఇప్పుడే మొదలవుతుంది. ఈ మొక్కల్లో ఎక్కువ భాగం ఆయనకు ముందే తెలిసినవి. ఐర్లండ్‌లోని కిల్టోర్కన్ రాళ్లలో, జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతంలో, ఫ్రాన్స్‌లోని వోజ్ కొండల్లో, కెనడాలో ఇలాంటివే దొరికాయి. అంటే వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న పొరలన్నీ ఒకే కాలానివై ఉండాలి. ఆ కాలానికి హేర్ పెట్టిన పేరు ఉర్సా స్టేజ్. లాటిన్‌లో ఉర్సా అంటే ఎలుగుబంటి. మ్యాప్‌లో చుక్కంత ఉన్న దీవి పేరు అలా భూమి చరిత్రలో ఒక అధ్యాయం పేరైపోయింది.

మంచం.. మెడల్స్.. డార్విన్‌తో పేచీ

1870లలో జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఈసారి గట్టిగానే పట్టేసింది. చాలాకాలం మంచం మీదే గడపాల్సిన పరిస్థితి. అయినా పెట్టెలు రావడం ఆగలేదు, పని కూడా ఆగలేదు. 1875-76లో ఉత్తర ధ్రువం వైపు వెళ్లిన బ్రిటిష్ బృందం ఇప్పటి ఎల్స్‌మియర్ దీవి నుంచి శిలాజాలు తెచ్చింది. 81 డిగ్రీల ఉత్తర అక్షాంశం కూడా దాటిన చోటు అది. అందులో 30 రకాల మొక్కలను హేర్ గుర్తించారు. చిత్తడి నేలల్లో పెరిగే సైప్రస్, పైన్, బిర్చ్, పాప్లర్, ఎల్మ్.. వీటితో పాటు కలువ కూడా ఉంది! కలువ ఉందంటే మంచినీటి చెరువు ఉన్నట్టే. ఆ చెరువు ఏడాదిలో చాలా నెలలు గడ్డకట్టకుండా ఉన్నట్టే.

1874లో లండన్ జియలాజికల్ సొసైటీ వోలాస్టన్ మెడల్ ఇచ్చింది. 1877లో రాయల్ సొసైటీ రాయల్ మెడల్ ప్రకటించింది. గదిలో ఉండి పనిచేసిన మనిషికి, సముద్రాలు దాటినవాళ్లతో సమానమైన గౌరవం దక్కింది.

అదే సమయంలో చార్లెస్ డార్విన్‌తో ఉత్తరాలు నడిచాయి. జీవులు మెల్లమెల్లగా, సహజ ఎంపిక వల్ల మారతాయన్నది డార్విన్ మాట. హేర్ దీనికి ఒప్పుకోలేదు. జీవులు మారతాయి కానీ చాలాకాలం స్థిరంగా ఉండి, కొన్ని కాలాల్లో ఒక్కసారిగా కొత్త రూపం తీసుకుంటాయన్నది ఆయన వాదన. పాత నాణేలు కరిగించి కొత్త ముద్ర వేసినట్టు అన్నమాట. ఆ ముద్ర వేసేది దేవుడి సంకల్పమని ఆయన నమ్మకం.

విశేషం ఏంటంటే, హేర్ వాదనను తిరస్కరించిన డార్విన్ ఆయన ఆధారాలను మాత్రం పక్కన పెట్టలేకపోయారు. వెడల్పాటి ఆకుల పూల మొక్కలు క్రిటేషియస్ కాలం పొరల్లో ఉన్నట్టుండి ఎక్కువగా కనిపించడం తనకు పెద్ద చిక్కుముడిగా ఉందని 1875లో హేర్‌కే రాశారు. అభిప్రాయాలు కలవలేదు, మర్యాద మాత్రం ఎక్కడా తప్పలేదు.

ఎక్కడ పొరబడ్డారు?

హేర్ కథలో ఇది దాచాల్సిన భాగం కాదు, నిజానికి ఇదే ముఖ్యమైన భాగం. బేర్ ఐలాండ్ మొక్కలను ఆయన కార్బోనిఫెరస్ కాలం మొదట్లోవని చెప్పారు. అప్పట్లోనే కొందరు కాదన్నారు. అంతకంటే పాతవి, డెవోనియన్ కాలానివి అన్నారు. చివరికి తేల్చింది స్వీడన్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ నాట్‌హార్స్ట్. 1898లో అంటార్కిటిక్ అనే ఓడలో ఆయన స్వయంగా బేర్ ఐలాండ్ వెళ్లారు. పొరలు చూశారు, కొత్త శిలాజాలు సేకరించారు. ప్రధానమైన బొగ్గు పొరల మొక్కలు డెవోనియన్ చివరి కాలానివని 1902లో ప్రకటించారు. అంటే దాదాపు 36 కోట్ల ఏళ్లకు పైగా పాతవి.

స్పిట్స్‌బర్గెన్, గ్రీన్‌లాండ్, ఎల్స్‌మియర్ ఆకుల విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. స్విట్జర్లాండ్‌లో తాను చూసిన మయోసీన్ కాలం ఆకుల్లాంటివే అక్కడా ఉన్నాయి కాబట్టి అవి కూడా మయోసీన్ కాలానివే అని హేర్ అనుకున్నారు. లాజిక్ బాగానే ఉంది. కానీ ఒక చిన్న చిక్కు ఉంది. భూమి చల్లబడే కొద్దీ మొక్కలు ఉత్తరం నుంచి దక్షిణానికి జరుగుతాయి. కాబట్టి ఒకే రకం ఆకు ఉత్తరాన పాత పొరలో, దక్షిణాన కొత్త పొరలో దొరకొచ్చు. ఆ ఆర్కిటిక్ అడవులు చాలావరకు ఇంకా పాతవని, సుమారు 5-6 కోట్ల ఏళ్ల నాటివని తర్వాత తేలింది. చిన్న చిన్న ఆకు ముక్కలకు కూడా కొత్త జాతి పేర్లు పెట్టేశారన్న విమర్శ కూడా హేర్ మీద ఉంది. ఆ పేర్లలో చాలా వాటిని తర్వాతి వాళ్లు సరిచేయాల్సి వచ్చింది.

మరి ఇన్ని తప్పులుంటే ఆయన పని దేనికి పనికొచ్చినట్టు? జవాబు ఒకటే. తారీఖులు మారాయి, అడవి మాత్రం మారలేదు. ఆర్కిటిక్‌లో అడవులు నిజంగానే పెరిగాయన్న అసలు మాట ఇప్పటికీ నిలబడే ఉంది. ఏ రాయి ఎక్కడిది, దాని మీద ఏముంది అన్నది బొమ్మలతో సహా ఆయన అచ్చు వేశారు. అందుకే తర్వాత వచ్చినవాళ్లు అదే రాయిని మళ్లీ చూసి దిద్దగలిగారు.

రెండు అడవులు.. రెండు కారణాలు

హేర్ చనిపోయిన చాలా ఏళ్లకు మరో విషయం బయటపడింది. బేర్ ఐలాండ్ అడవి, స్పిట్స్‌బర్గెన్ అడవి ఒకే కారణం వల్ల పెరిగినవి కావు.

డెవోనియన్ కాలంలో ఇప్పటి బేర్ ఐలాండ్ ఉన్న నేల అసలు ఆర్కిటిక్‌లోనే లేదు. భూమధ్యరేఖకు దగ్గర్లో, ఉష్ణమండలంలో ఉండేది. ఖండాలు కదులుతూ కోట్ల ఏళ్లలో దాన్ని ఉత్తరానికి మోసుకెళ్లాయి. ఖండాలు కదులుతాయని ఆల్‌ఫ్రెడ్ వెజెనర్ చెప్పింది 1912లో. అప్పటికి హేర్ పోయి 29 ఏళ్లు. కాబట్టి ఆ అడవి వెనుక ఉన్న అసలు కారణం ఆయన ఊహకు అందే అవకాశమే లేదు.

స్పిట్స్‌బర్గెన్ ఆకుల కథ వేరు. 5-6 కోట్ల ఏళ్ల కిందట ఆ నేల అప్పటికే ఉత్తరాన చాలా పైకి చేరింది. అక్కడ అడవి పెరిగిందంటే కారణం నేల జరగడం కాదు, భూమి మొత్తం వేడిగా ఉండటమే. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇప్పటికంటే ఎక్కువగా ఉన్న కాలం అది. నెలల తరబడి సూర్యుడు కనిపించని చీకటిని ఆకులు రాల్చేసి తట్టుకున్న చెట్లు అవి. వాతావరణ మార్పు మీద పనిచేసే శాస్త్రవేత్తలు ఇవాళ అదే కాలాన్ని మళ్లీ మళ్లీ చదువుతున్నది ఇందుకే. ధ్రువాల దగ్గర వేడి పెరిగితే ఏమవుతుందో ఆ ఆకులు ఒకసారి చూసేశాయి.

ఈ స్పిట్స్‌బర్గెన్‌తో మనకూ ఒక లింకుంది. 2008లో అక్కడి కొండలో ప్రపంచ విత్తన భాండాగారం తెరిచారు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నుంచి జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ విత్తనాలు వెళ్లి ఆ చలిలో భద్రంగా ఉన్నాయి. మన మెట్ట పంటల విత్తనాలు దాచిన ఆ చల్లటి దీవిలోనే ఒకప్పుడు పచ్చటి అడవి ఉండేదన్నమాట.

బేర్ ఐలాండ్ బొగ్గు కూడా వృథాగా పోలేదు. 1916 నుంచి 1925 వరకు టున్‌హైమ్ దగ్గర నార్వే వాళ్లు గని నడిపారు. వాళ్లు తవ్వింది డెవోనియన్ అడవి బొగ్గు. మన సింగరేణి బొగ్గు కంటే కూడా కోట్ల ఏళ్లు పాతది. ఓడరేవు సరిగ్గా లేని చోటు, వదలని పొగమంచు.. చివరికి గని మూతపడింది. తుప్పు పట్టిన రైలింజన్, కూలిన ఇళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి.

చివరి భాగం అచ్చయిన ఏడాదే..

1883లో ఏడో భాగం అచ్చయింది. అదే ఏడాది సెప్టెంబర్ 27న లోజాన్‌లో ఓస్వాల్డ్ హేర్ కన్నుమూశారు. వయసు 74. ఆర్కిటిక్ మీద ఏడు పెద్ద పుస్తకాలు రాసిన మనిషి, ఆర్కిటిక్ గాలి పీల్చకుండానే వెళ్లిపోయారు.

ఆయన చేతుల్లోకి వచ్చి వెళ్లిన స్వీడిష్ రాళ్లు ఇప్పటికీ స్టాక్‌హోమ్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. ఇప్పటి పరిశోధకులు కూడా వాటిని బయటికి తీసి కొత్త పరికరాలతో చూస్తూనే ఉన్నారు. ఇక స్పిట్స్‌బర్గెన్ మ్యాప్ తెరిస్తే, దీవి నడుమ నుంచి తూర్పు తీరం వైపు హిమానీనదాలతో నిండిన ఒక ప్రాంతం కనిపిస్తుంది. దాని పేరు హేర్ ల్యాండ్. ఆయన ఎన్నడూ వెళ్లలేని దీవిలో, ఆయన పేరుతోనే ఒక నేల ఉంది.